అరచేతి ఆటయంత్రము – పెన్సిలు సెల్లుల లెక్క

1991 సంవత్సరములో అమెరికాలో పిల్లలను వెంటబెట్టుకొని బొమ్మల దుకాణమునకు పోయిన తల్లిదండ్రుల ముందు ముఖ్యముగా మూడు రకముల అరచేతి వీడియో ఆటయంత్రములు ఉండెను. ఒకటి జపాను దేశపు నింటెండో కంపెనీవారి గేమ్ బాయ్. రెండవది అమెరికాలోని అటారీ కంపెనీవారి లింక్స్. మూడవది జపాను దేశమునకే చెందిన సేగా కంపెనీవారి గేమ్ గేర్. లింక్స్, గేమ్ గేర్ తెరలమీద బొమ్మలు రంగురంగులుగా, చీకటిలో సైతము వెలుగుచు కనిపించెడివి. గేమ్ బాయ్ తెర పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, దానిమీద బొమ్మలు నీడలవలె కదలెడివి. దీపము లేనిచోట ఆ నీడలైనను కనిపించవు. పిల్లవాని కన్ను రంగుల తెరమీద నిలుచుట సహజము. అయినను ఇండ్లకు ఎక్కువగా చేరినది రంగులేని యంత్రమే. గేమ్ గేర్ మొత్తముమీద ఒక కోటికి కొంచెము పైగా అమ్ముడుపోగా, గేమ్ బాయ్ – 1998లో వచ్చిన దాని రంగుల రూపముతో కలిపి – 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడుపోయెను. తక్కువ శక్తిగల యంత్రము ఎక్కువ శక్తిగల యంత్రములను ఎట్లు గెలిచినదో తెలియవలెనన్న, ముందు ఆ తెర కథ తెలియవలెను.

ఆ కథ క్యారెట్ దుంపలతో మొదలగుట విచిత్రము. 1888లో ప్రాగ్ నగరమున ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్, క్యారెట్లనుండి తీసిన కొలెస్టెరాల్‌ను పరిశీలించుచుండెను. దానినుండి చేసిన కొలెస్టెరిల్ బెంజోయేటు అను పదార్థమును వేడిచేయగా అది రెండుమార్లు కరగినట్లు అతనికి తోచెను. 145.5 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద అది మసకబారిన ద్రవమయ్యెను, 178.5 డిగ్రీల వద్ద ఆ మసక విడిపోయి తేటపడెను. నడుమనున్న ఆ మసక ద్రవము ద్రవమువలె ప్రవహించును, కాని కాంతి విషయమున స్ఫటికమువలె ప్రవర్తించును. జర్మన్ భౌతికశాస్త్రజ్ఞుడు ఓటో లేమన్ దీనిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఇట్టి పదార్థములు వేరొక కోవకు చెందినవని తేల్చెను. వీటికే ద్రవస్ఫటికములని పేరు. (ఈ శాస్త్రమున భారతదేశపు భాగమును చిన్నది కాదు. పళ్ళెములవంటి అణువులు కూడ ద్రవస్ఫటికములు కాగలవని 1977లో బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు కనుగొనిరి.)

ఎనుబది ఏండ్లపాటు ద్రవస్ఫటికములు ప్రయోగశాలలోని వింతగానే ఉండిపోయెను. 1968లో అమెరికాలో జార్జి హైల్‌మయర్ బృందము వాటితో మొదటి తెరను ప్రకటించెను. 1970 డిసెంబరులో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిచ్ అనువారు అంతకంటె మేలైన పద్ధతిని పేటెంటు కొరకు సమర్పించిరి. దాని కిటుకు ఇది. రెండు గాజుపలకల నడుమ ద్రవస్ఫటికపు పలుచని పొరను ఉంచుదురు. పై పలక వద్ద అణువులు ఒక దిక్కుగా, క్రింది పలక వద్ద దానికి లంబముగా ఉండునట్లు అమర్చుటచే, నడుమనున్న అణువులు మురళీకృత మెట్లవలె క్రమముగా తిరుగును. ఒక ధ్రువణ పలక గుండా లోనికి వచ్చిన కాంతి ఆ మెలికతోబాటు తానును 90 డిగ్రీలు తిరిగి, అడ్డముగా అమర్చిన రెండవ ధ్రువణ పలకను దాటిపోవును. విద్యుత్తును ఇచ్చినంతనే అణువులు నిటారుగా నిలిచి మెలిక విడిపోవును. కాంతికి దారి మూసుకొనిపోయి ఆ చోటు నల్లగా కనిపించును. 1973లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయమున జార్జి గ్రే బృందము గది ఉష్ణోగ్రతవద్ద చెడిపోక నిలుచు ద్రవస్ఫటికములను తయారుచేసిన పిమ్మట ఈ తెరలు గడియారములలోనికి, లెక్కలయంత్రములలోనికి ప్రవేశించెను.

ఇందు గమనింపదగినది ఒకటి కలదు. ఈ తెర తాను వెలుగునివ్వదు. బయటనుండి వచ్చు వెలుగును ఆపుటయో, పోనిచ్చుటయో మాత్రమే దాని పని. తలుపు తీసి మూయుటకు ఎంత శక్తి కావలెనో అంతే కావలెను గాని, దీపము వెలిగించుటకు కావలసినంత అక్కరలేదు. లెక్కలయంత్రము చిన్న ఘటముతో నెలల తరబడి పనిచేయుటకు కారణమిదే.

ఆటలు ఇంకను ఈ తెరకు చేరలేదు. 1976లో అమెరికాలో మాటెల్ కంపెనీ తెచ్చిన చేతి ఆట ‘ఆటో రేస్’లో కారనగా ఎర్రగా వెలుగు ఒక చిన్న దీపపు గీత మాత్రమే. 1979లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీవారి మైక్రోవిజన్ ద్రవస్ఫటికపు తెరతో, మార్చదగిన కార్ట్రిడ్జిలతో వచ్చెను. కాని దాని తెరమీద అడ్డము 16, నిలువు 16 చుక్కలే. అన్ని చుక్కలతో చూపగల బొమ్మ ఏపాటిదో బడిపిల్లలు గళ్ళ కాగితముమీద గీచి చూచుకొనవచ్చును.

ఈ దశలో జపానులోని క్యోటో నగరమునకు చెందిన గుంపెయ్ యోకోయి రంగములోనికి వచ్చెను. 1941లో జన్మించిన ఈతడు దోషిషా విశ్వవిద్యాలయమున ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండోలో చేరెను. ఆ కంపెనీ 1889లో హనఫుదా అను పూలబొమ్మల పేకముక్కలు చేయుటకు పుట్టినది. ముక్కలు తయారుచేయు యంత్రములను బాగుచేయుట యోకోయి ఉద్యోగము. తీరికవేళ అతడు కత్తెరవలె సాగి దూరముననున్న వస్తువును పట్టుకొను ఒక చెక్క చేయిని సరదాకు చేసికొనగా, కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి చూచి, మందలించుటకు మారుగా దానిని బొమ్మగా తయారుచేయుమనెను. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ అను పేర అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయెను.

అతని మనస్సు పనిచేయు తీరు ప్రత్యేకమైనది. కొత్తగా పుట్టిన సాంకేతికమువెంట పరుగెత్తుట అతనికి ఇష్టము లేదు. వాడుకలో నలిగి, ధర తగ్గి, గుణదోషములన్నియు బయటపడిన భాగమును తీసికొని, దానిని ఎవరును తలచని చోట వాడవలెనని అతని పట్టుదల. 1970లలో షార్ప్, కేసియో కంపెనీల పోటీవలన లెక్కలయంత్రపు తెరలు, చిప్పులు మిక్కిలి చౌక అయ్యెను. ఒకనాడు అతివేగపు రైలులో ఒక ఉద్యోగి ఏమియు తోచక లెక్కలయంత్రపు మీటలను నొక్కుచు కాలము గడుపుట యోకోయి కంటబడెను. పెద్దలు నలుగురిలో సిగ్గుపడక ఆడుకొనదగిన చిన్న ఆట ఏల ఉండరాదు? ఈ ఊహనుండి 1980 ఏప్రిల్‌లో ‘గేమ్ అండ్ వాచ్’ పుట్టెను. తెరలను షార్ప్ కంపెనీ చేసి ఇచ్చెను.

ఆ తయారీలో ఒక చిక్కు వచ్చెను. తెర అద్దము, దానిపై పలక ఒకదానినొకటి తాకుచోట వలయములు వలయములుగా చారలు కనిపించసాగెను. అవి పదార్థపు దోషములు కావు. భౌతికశాస్త్ర విద్యార్థులు ప్రయోగశాలలో చూచు న్యూటన్ వలయములే. రెండు తలముల నడుమ మిక్కిలి పలుచని గాలిపొర ఉన్నపుడు వాటినుండి మరలిన కాంతి తరంగములు ఒకదానితోనొకటి వ్యతికరణము చెందుటచే ఇవి ఏర్పడును. పలకమీద కంటికి ఆనని సన్నని ఉబ్బెత్తు చుక్కలను అచ్చువేసి ఎడమును పెంచుటతో వలయములు మాయమయ్యెను. పాఠ్యపుస్తకములోని ఒక ప్రయోగము బొమ్మల కర్మాగారమును ఆపి, తిరిగి నడిపించినది.

గేమ్ అండ్ వాచ్‌లో బొమ్మలు చుక్కలతో ఏర్పడినవి కావు. బంతి నిలువగల ప్రతి చోటును ముందే ఒక ఆకారముగా తెరలో పొదిగి ఉండును. వాటిని ఒకదాని తరువాత ఒకటి నల్లబరచగా బంతి కదలినట్లు తోచును. ఆట లేనివేళ అది గడియారముగా పనిచేసెడిది – కొనిపెట్టమని అడుగు పిల్లవానికి ఇది మంచి సాకు. 1991 వరకు వీటి వేర్వేరు ఆటలు కలిసి 4 కోట్ల 34 లక్షలు అమ్ముడుపోయెను. 1982లో వచ్చిన ఒక ఆటలో యోకోయి అమర్చిన కూడికగుర్తు ఆకారపు మీట తరువాతి ఆటయంత్రములెన్నింటికో ఒరవడి అయ్యెను.

1989 ఏప్రిల్ 21న జపానులో 12,500 యెన్ల ధరకు గేమ్ బాయ్ వెలువడెను. యోకోయి విభాగమున సతోరు ఒకాడ దీని నిర్మాణమున ముఖ్యుడు. తెరమీద అడ్డము 160, నిలువు 144 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు నాలుగు ఛాయలు. లోపలి చిప్పు షార్ప్ కంపెనీది. 1970లనాటి ఇంటెల్, జైలాగ్ చిప్పుల వంశములోనిది. అనగా ఇందు వింతగొలుపు కొత్త భాగమేదియు లేదు. అదే సంవత్సరము లింక్స్, మరుసటి యేడు జపానులో గేమ్ గేర్ బయలుదేరెను. అమెరికాలో తొలినాటి ధరలు గేమ్ బాయ్‌కు దాదాపు 90 డాలర్లు, లింక్స్‌కు దాదాపు 180, గేమ్ గేర్‌కు 150.

ధర ఒక్కటే అయినచో పిల్లల పోరు పడలేక అప్పోసప్పో చేసి రంగుల యంత్రమునే కొనిపెట్టువారు కొందరుందురు. దుకాణములో కనిపించని ఖర్చు మరియొకటి కలదు. రంగుల తెరలో ఒక్కొక్క చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు భాగములు. మొదటి ధ్రువణ పలకయే వచ్చిన కాంతిలో సగమును మ్రింగును. మిగిలినదానిలో మూడింట రెండు వంతులు రంగు జల్లెడలు మ్రింగును. తక్కిన అడ్డంకులన్నియు దాటి కంటికి చేరునది నూటికి కొద్ది పాళ్ళు మాత్రమే. ఆనాటి రంగుల తెర బయటి వెలుగుతో కనిపించజాలదు. దాని వెనుక సన్నని ట్యూబులైటు వెలుగవలసినదే. యంత్రమునకు వచ్చు విద్యుత్తులో పెద్ద పాలు ఆటకు గాక ఆ దీపమునకు పోయెడిది.

గేమ్ బాయ్‌లో నాలుగు పెన్సిలు సెల్లులు వేసిన దాదాపు 15 గంటలు పనిచేసెడిది. లింక్స్‌కు ఆరు సెల్లులు. నాలుగైదు గంటలు వచ్చెడివి. గేమ్ గేర్‌కును ఆరే. మూడు మొదలు ఐదు గంటలు. పిల్లవాడు దినమునకు ఒక గంట ఆడుననుకొందము. నెలకు 30 గంటలు. గేమ్ బాయ్‌కు రెండు మార్పులు, ఎనిమిది సెల్లులు. రంగుల యంత్రములు ఐదేసి గంటలు వచ్చినను ఆరు మార్పులు, ముప్పది ఆరు సెల్లులు. మూడు గంటలే వచ్చినచో అరువది. ఇంట ఇద్దరు పిల్లలున్నచో ఈ లెక్కను రెట్టింపు చేసికొనవలెను. దినమునకు ఒక గంటతో ఊరకుండు పిల్లలు అరుదని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. గోడకు తగిలించు తీగ ఉండెడిది గాని, తీగకు కట్టివేసిన యంత్రము అరచేతి యంత్రము కాజాలదు. దుకాణములో తెరను చూచినది బిడ్డ; ఇంటికి వచ్చిన పిమ్మట నెలనెల సెల్లులు కొన్నది తల్లిదండ్రులు.

గేమ్ బాయ్ తెరకు దోషములు లేకపోలేదు. వేగముగా కదలు బొమ్మ తన వెనుక మరకను ఈడ్చుకొనిపోయెడిది. కాని అమెరికాలో పెట్టెతోబాటే ఇచ్చిన ఆట ‘టెట్రిస్’ ఈ తెరకు కొలిచి కుట్టినట్లుండెను. 1984లో మాస్కోలో సోవియట్ శాస్త్ర అకాడమీ కంప్యూటరు కేంద్రమున అలెక్సీ పజిట్నోవ్ ఎలక్ట్రానికా 60 అను యంత్రముపై దీనిని వ్రాసెను. ఆ యంత్రము అక్షరములు తప్ప బొమ్మలు చూపజాలదు కనుక, బ్రాకెట్ గుర్తులతోనే గళ్ళను కూర్చెను. రంగు అక్కరలేని ఆట, ఒక్కొక్క ముక్కయే క్రిందికి దిగు ఆట, రంగులేని మందకొడి తెరమీద ఏ లోటును చూపలేదు. పిల్లలు నిద్రించిన పిమ్మట పెద్దలు దానిని చేతికి తీసికొనిరి.

తల్లిదండ్రుల జేబుకు వేరొక పరీక్ష 1996లో వచ్చెను. రెండు గేమ్ బాయ్‌లను తీగతో కలుపు వీలు మొదటినుండియు ఉన్నది. ఆ యేడు జపానులో వెలువడిన ‘పోకెమాన్’ ఆటను ఎరుపు, ఆకుపచ్చ అని రెండు కార్ట్రిడ్జిలుగా చేసి, ఒకదానిలో దొరకు జంతువులు కొన్ని రెండవదానిలో దొరకకుండ ఏర్పాటుచేసిరి. అన్నియు కావలసిన పిల్లవాడు మరియొకనితో మార్చుకొనవలసినదే. ఇది స్నేహమును పెంచినదని చెప్పవచ్చును. అమ్మకమును పెంచినదని చెప్పినను తప్పు కాదు.

యోకోయి 1996లో నింటెండోను విడిచి, 1997 అక్టోబరులో రోడ్డు ప్రమాదమున మరణించెను. అతడు రూపుదిద్దిన ‘వండర్ స్వాన్’ 1999లో బందాయ్ కంపెనీ పేర వెలువడెను. దానికి ఒకే ఒక పెన్సిలు సెల్లు చాలును.

సెల్లుల లెక్కకు స్వస్తి చెప్పినది లిథియం అయాన్ ఘటము. సోనీ కంపెనీ దానిని మొదట అమ్మకమునకు తెచ్చినది ఈ వ్యాసారంభమున చెప్పిన 1991లోనే. దానికి మూలమైన పరిశోధనకు 2019లో గుడ్ఎనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు నోబెల్ బహుమతి లభించెను. 2003లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీలో ఆ ఘటమును, తెరకు వెలుగునిచ్చు దీపమును రెంటిని చేర్చిరి. దీపము, ఆ ఘటము ఒకచోట ఇముడుటకు నింటెండోకు పదునాలుగేండ్లు పట్టెను.

భారతదేశమున ఈ యంత్రములు కొద్ది ఇండ్లకే చేరెను. 1990లలో తెలుగునాట బజారు దుకాణములలో పిల్లలు చూచినది ‘బ్రిక్ గేమ్’ అను ప్లాస్టిక్ యంత్రము. ఇది టెట్రిస్‌కు నకలు. అడ్డము 10, నిలువు 20 గళ్ళను ముందే పొదిగిన తెర. అనగా గేమ్ అండ్ వాచ్ నాటి పద్ధతియే. పెట్టెమీద 9999 ఆటలని అచ్చువేసి ఉండెడిది. నిజమునకు ఉన్నవి కొద్ది ఆటలే. వాటి వేగమును, కష్టమును మార్చి మార్చి లెక్కించగా ఆ అంకె వచ్చెడిది. దీపము లేదు, రంగు లేదు, కార్ట్రిడ్జి లేదు. రెండు పెన్సిలు సెల్లులు చాలాకాలము వచ్చెడివి. అవి అయిపోయిన దినమున ఇంటి గోడగడియారము ఆగిపోయినచో, అందులోని సెల్లు ఎచటికి పోయినదో పెద్దలు వెదకవలసిన పని ఉండెడిది కాదు.