ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలా?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. క్రిందటి నెల వాళ్ళ బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఫీజులు, బస్సుల సంగతి అయ్యాక ఒక తండ్రి లేచి నాలుగు జెరాక్సు కాగితాలు అందరికీ పంచారు. బడి లైబ్రరీలో ఉన్న ఒక అనువాద నవలలోవి. స్త్రీపురుషుల కలయిక వర్ణించిన పేజీలు. "ఇవి మన పిల్లలు చదవవలసినవేనా?" అని అడిగారు.

నేను హేతువాదినని అక్కడ కొందరికి తెలుసు. నావైపు చూశారు. "పుస్తకం మొత్తం చదివారా అండీ?" అన్నాను. ఆయన నవ్వి, "అన్నం ఉడికిందో లేదో తెలియడానికి కుండంతా పిసకాలా మాస్టారూ? ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదూ?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు జవాబు తోచలేదు. అసలు సంగతి, ఆ పుస్తకం నేనూ చదవలేదు!

ఇంటికొచ్చాక తట్టింది. అన్నం విషయంలో ఆ మాట ఎందుకు చెల్లుతుంది? ఒకే కుండ, ఒకే నీరు, ఒకే మంట. పట్టేవాళ్ళు కూడా మెతుకును ఏరుకోరు, గరిటెకు వచ్చింది పడతారు. ఆ నాలుగు పేజీలూ అలా వచ్చినవి కావు. ఏరినవి. జ్యోతిష్కుడు ఫలించిన జోస్యాలు మాత్రమే ఏరి చూపిస్తే మనం ఒప్పుకుంటామా?

ఇదే పేచీ అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో ఐలండ్ ట్రీస్ అనే స్కూలు జిల్లా ఉంది. బడులను నడిపేది ఎన్నికైన బోర్డు. 1975 సెప్టెంబరులో బోర్డు సభ్యులు ముగ్గురు ఒక తల్లిదండ్రుల సంఘం సమావేశానికి వెళ్ళారు. సంప్రదాయవాదుల సంఘం అది. అక్కడ 'అభ్యంతరకర' పుస్తకాల జాబితాలు వారి చేతికొచ్చాయి. నవంబరులో ఒక రాత్రి ఇద్దరు సభ్యులు హైస్కూలు లైబ్రరీకి వెళ్ళి, కార్డుల పెట్టె తెరిచి, జాబితాతో సరిచూశారు. తొమ్మిది పుస్తకాలు దొరికాయి. జూనియర్ హైస్కూలులో ఒకటి, పన్నెండో తరగతి పాఠ్యపుస్తకాల్లో ఒకటి తేలాయి. మొత్తం 11. జాబితా ముందు, పుస్తకం తరువాత!

1976లో బోర్డు వాటిని అరల నుంచి తీయించింది. అవి అమెరికాకు, క్రైస్తవానికి, యూదులకు వ్యతిరేకమనీ, వట్టి బూతులనీ పత్రికా ప్రకటన చేసింది. సదరు 11లో బెర్నార్డ్ మాలముడ్ రాసిన 'ది ఫిక్సర్' ఉంది. జార్ల రష్యాలో చేయని హత్య నెత్తిన వేసి ఒక యూదుణ్ణి హింసించిన కథ. 1913లో కీవ్‌లో విచారణ జరిగిన బెయిలిస్ కేసు దానికి ఆధారం. యూదు ద్వేషం మీద రాసిన నవల అది. అందులో హింసించేవాళ్ళు యూదులను తిడతారు, తిట్టకుండా ఎలా ఉంటారు? ఆ తిట్లు మాత్రం ఏరి చూపితే అదే నవల యూదు ద్వేషంలా కనబడుతుంది. మెతుకు పట్టి చూస్తే జరిగేది ఇదే.

గొడవ ముదిరాక బోర్డు ఒక సమీక్షా కమిటీ వేసింది. నలుగురు తల్లిదండ్రులు, నలుగురు బడి సిబ్బంది. చదివి, చర్చించి, అయిదు పుస్తకాలు ఉంచమన్నారు. కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్ ఫైవ్'ను తల్లిదండ్రుల అనుమతితో ఇవ్వమన్నారు. కొన్నిటిపై ఏకాభిప్రాయం కుదరలేదు. రెండింటిని తీసేయమన్నారు. ఆ రెండింటిలో ఒకటి డెస్మండ్ మోరిస్ 'ది నేకెడ్ ఏప్'! మనిషిని కూడా ఒక కోతిజాతిగా చూసి, జత కట్టడంతో సహా వాడి నడవడిని వర్ణించిన జంతుశాస్త్రజ్ఞుడి పుస్తకం. మన మిత్రుల ఇళ్ళలో కనబడేదే. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు. కాని చదివినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ తీసుకున్న నిర్ణయం అది. దానితో వాదించవచ్చు. బోర్డు ఆ కమిటీ మాట కూడా వినలేదు. 'లాఫింగ్ బాయ్' ఒక్కదాన్నే షరతు లేకుండా తిరిగి పెట్టింది. రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్'కి తల్లిదండ్రుల అనుమతి కావాలంది. తక్కిన తొమ్మిదీ బయటే.

స్టీవెన్ పికో అనే విద్యార్థి, మరి నలుగురు 1977 జనవరిలో దావా వేశారు. 1982 జూన్ 25న సుప్రీంకోర్టు 5-4తో విద్యార్థుల వైపు మొగ్గింది. అందులోని భావాలు నచ్చలేదన్న కారణంతో లైబ్రరీ పుస్తకాన్ని తీసేయడానికి వీల్లేదని జస్టిస్ బ్రెన్నన్ రాశారు. నిలువెల్లా బూతు అయితే, చదువుకు పనికిరాకపోతే తీయవచ్చని కూడా రాశారు. దీన్ని పూర్తి విజయమని చెప్పుకోవడం మనవాళ్ళకు అలవాటు. అయిదుగురూ ఒకే కారణం చెప్పలేదు, కేసు విచారణకు తిరిగి వెళ్ళవలసినది. ఎన్నికైన బోర్డును కాదని జడ్జీలు బడి పుస్తకాలు నిర్ణయిస్తారా అని విభేదించిన చీఫ్ జస్టిస్ బర్గర్ అడిగారు. తేలిక ప్రశ్న కాదది. విభేదించిన మరో జడ్జి పావెల్ తన అభిప్రాయం చివర ఏం జోడించారో తెలుసా? ఆ పుస్తకాల్లోంచి ఏరిన భాగాలు. మళ్ళీ మెతుకులే! చివరికి విచారణ జరగకుండానే బోర్డు పుస్తకాలను అరల్లోకి తెచ్చింది.

అమెరికావాళ్ళ గోల మనకెందుకంటారా? తెలుగులో ఈ పని అంతకు 65 ఏళ్ళ ముందే జరిగింది. 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించగా వావిళ్ళవారు 1910లో అచ్చువేశారు. ఫిర్యాదులొచ్చాయి. 1911లో ప్రభుత్వ అనువాదకుడు గోటేటి కనకరాజు పంతులు తనకు అభ్యంతరమనిపించిన పద్యాలు ఏరి ఇంగ్లీషు చేసి ఇచ్చాడు. తెలుగు రాని దొరలు ఆ పద్యాలను బట్టి పుస్తకాన్ని నిషేధించారు. 1947లో టంగుటూరి ప్రకాశం ఎత్తివేసేదాకా నిషేధం నడిచింది. అది పెద్దల కావ్యం, బడి లైబ్రరీ వ్యవహారం కాదు. పద్ధతి మాత్రం అదే. ముద్దుపళనిని 'ఆంధ్ర కవుల చరిత్రము'లో కటువుగా ఆక్షేపించింది ఎవరో కాదు, మన కందుకూరి వీరేశలింగం గారు. సంస్కర్త కదా అని ఈ సంగతి దాటేయడం నాకిష్టం లేదు.

మన కోర్టులు కూడా 1868 నాటి ఇంగ్లీషు హిక్లిన్ సూత్రాన్ని చాలాకాలం పట్టుకు వేలాడాయి. రచనను మొత్తంగా, ఈనాటి సమాజపు కొలతతో చూడాలంటూ సుప్రీంకోర్టు దాన్ని వదిలేసింది 2014లో, అవీక్ సర్కార్ కేసులో.

ఆ తండ్రిని నేను తప్పు పట్టను. పధ్నాలుగేళ్ళ పిల్ల ఏం చదువుతోందో అని భయపడడం మూఢత్వం కాదు. ఆ భయం నాకూ ఉంది. సమావేశం మర్నాడే లైబ్రరీకి వెళ్ళి నవల అడిగాను. అప్పటికే బీరువాలో పెట్టి తాళం వేశారు. సంతకం చేసి తెచ్చుకున్నాను. 300 పేజీల పైన ఉంది. ఆయన పంచిన నాలుగు పేజీలు కథలో ఒక అమ్మాయి మోసపోయే ఘట్టం. తరువాతి వంద పేజీలు ఆ మోసం ఖరీదు. ఆ పేజీలు నాకు తప్పుగా అనిపించలేదు. ఇంకో చోట, ఆయన జెరాక్సు తీయని చోట, ఒక ప్రకరణం ఎనిమిదో తరగతి పిల్లలకు వద్దనిపించింది. అక్కడ కాగితం ముక్క పెట్టాను. పుస్తకం ఈ ఆదివారం ఆయనకిస్తానని ఫోను చేశాను. "మొత్తం చదవాలా?" అన్నారు. పదిహేను రోజుల గడువుంది, తొందర లేదన్నాను.