నీటి మీది రాతలు

రోమ్‌లో పోర్తా మజ్జోరె అని ఒక పాత కోటద్వారం ఉంది. కట్టినప్పుడు అది ద్వారం కాదు. ఊళ్లోకి వచ్చే రెండు నీటికాలువలు బాటలను దాటడానికి కట్టిన కమాను. ఆ కమాను నెత్తిన, నీళ్లు పారే తొట్టి బయటి గోడ మీద, ఒకదాని కింద ఒకటిగా మూడు శాసనాలున్నాయి. అన్నిటికన్నా పైది క్రీ.శ. 52లో క్లాడియస్ చక్రవర్తి వేయించాడు. ఒక కాలువను 45 మైళ్ల నుంచి, రెండోదాన్ని 62 మైళ్ల నుంచి సొంత ఖర్చుతో తెచ్చానని రాయించుకున్నాడు. దాని కింద 71లో వెస్పాసియన్ తన మాట చెక్కించాడు: క్లాడియస్ తెచ్చిన నీళ్లు ఆగిపోయి, కాలువ తొమ్మిదేళ్లుగా పాడుబడి ఉంటే తాను బాగుచేయించానని. ఆ కింద 81లో వెస్పాసియన్ కొడుకు టైటస్: పాతబడి మొదలంటా కూలిపోతే తాను మళ్లీ తెప్పించానని. తండ్రి మరమ్మతు చేసి అప్పటికి పదేళ్లే!

ఈ సంగతి చదివినప్పటి నుంచి మా నిజాంసాగర్ కట్ట మీద నడిచినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. గొప్ప చెప్పుకోడానికి వేసిన రాతే, కాలువ ఎన్నేళ్లు ఎండిందో సాక్ష్యం చెబుతోంది. మరో ముచ్చట ఏమిటంటే, ఈ కాలువల పని 38లో మొదలుపెట్టింది క్లాడియస్ కాదు, అతనికి ముందున్న కాలిగులా. శాసనంలో అతని ఊసే లేదు.

ఆ కమాను చూపుకీ వింతే. పైనున్న ముక్కోణపు చట్రాన్ని నున్నగా తీర్చి, దాన్ని మోసే స్తంభాల రాళ్లను మాత్రం ఉలి సగం తగిలినట్టు మొరటుగా వదిలేశారు. పని ఆగిపోయి అలా ఉండలేదు, క్లాడియస్ కాలపు మరికొన్ని కట్టడాల్లోనూ ఈ పోకడ ఉంది. కింద నడిచే మనిషికి ముందు రాయి బరువు తెలియాలి, ఆ తర్వాతే తలెత్తి పేరు చదవాలి. అధికారాన్ని ఇంత సూటిగా చెప్పిన గోడ మరొకటి నాకు గుర్తు రావడం లేదు.

పేరు దగ్గర అందరూ ఒకేలా లేరనుకోండి. రోమ్‌లోనే ఉన్న పాంథియన్ గుడిని హేడ్రియన్ చక్రవర్తి దాదాపు 126 నాటికి కొత్తగా కట్టించి, నుదుటి మీద మాత్రం అక్కడ మొదట గుడి కట్టిన అగ్రిప్పా పేరే ఉంచాడు.

97లో రోమ్ నీళ్ల పెత్తనం ఫ్రాంటినస్ చేతికొచ్చింది. పిరమిడ్ల కంటే, పేరుమోసిన గ్రీకు కట్టడాల కంటే మా కాలువలే మేలు, జనానికి పనికొస్తాయి అని తన పుస్తకంలో రాసుకున్నాడు. ఆ కాలువలను కనిపెట్టుకుని ఉండే బానిసల లెక్కా అతనే ఇచ్చాడు: నగరం తరఫున 240 మంది, చక్రవర్తి తరఫున 460 మంది. పూడిక తీసింది, పగుళ్లు పూడ్చింది ఆ ఏడు వందల మందే. కమాను మీద వాళ్లకు ఒక్క అక్షరమూ దక్కలేదు.

కానీ ఆ కమానుకు ఆనుకునే ఒక రొట్టెల వ్యాపారి సమాధి ఉంది. పేరు యూరిసాకెస్. క్లాడియస్ కాలువ కంటే పాతది. పిండి పిసకడం, రొట్టెలు కాల్చడం, తూకం వేయడం అన్నీ దాని మీద వరుసగా చెక్కించారు. తర్వాత కట్టిన బురుజు దాన్ని మింగేస్తే, 1838లో ఆ బురుజును కూల్చినప్పుడు మళ్లీ వెలుగు చూసింది. చక్రవర్తుల పేర్ల పక్కన పనిచేసే చేతుల బొమ్మలు! నాకు ఆ మూడు శాసనాలకన్నా ఇవే ఎక్కువ ఇష్టం.

మన వైపు చెరువును సప్తసంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టారు. బిడ్డకు ఇంటిపేరు వచ్చినట్టే చెరువుకు కట్టించినవాడి పేరు వచ్చేది. అయితే జనం నోరు వేరే దారి పట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. పాలంపేటలో 1213 నాటి గుడిని కట్టించింది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. ఇవాళ గుడికీ చెరువుకీ ఉన్న పేరు రామప్ప. అది శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. హుస్సేన్‌సాగర్ గురించీ ఒక కథ ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా తన పేరు పెట్టాలనుకుంటే, జనం పని చేయించిన హుస్సేన్ షా వలీ పేరే పట్టుకున్నారట. అందుకే సుల్తాను ఇబ్రహీంపట్నంలో మరో చెరువు తవ్వించాడంటారు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్‌ను హైదరాబాదులో చాలామంది ఇప్పటికీ గండిపేట అనే అంటారు.

వీటన్నిటిలో నేను చెయ్యెత్తి మొక్కేది కడప జిల్లా పోరుమామిళ్ల శాసనానికి. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించింది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు అంగాలుగా చెప్పి, రాకూడని దోషాలు ఆరు చెప్పి, ఆపైన ఇంకో మాట రాశారు: రెండేళ్ల పాటు రోజుకు వెయ్యి మంది కూలీలు పనిచేశారని, రాయి తోలడానికి నూరు బండ్లు తిరిగాయని. రాజు పొగడ్త ఉన్న రాతిలోనే కూలీల లెక్కా ఉంది. క్లాడియస్‌కు తట్టనిది మనవాళ్లకు తట్టింది. దానికి పెట్టిన అనంతరాజ సాగరం అనే పేరు మాత్రం పోయింది. ఇప్పుడది పోరుమామిళ్ల చెరువు.

నిజాంసాగర్ పేరు అలా పోలేదు. మంజీర మీద అచ్చంపేట, బంజేపల్లి మధ్య 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. మూడు కిలోమీటర్ల రాతికట్ట, దాని నెత్తిన పద్నాలుగు అడుగుల బాట. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. చీఫ్ ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణ ఇప్పుడు ఇంజినీర్ల దినంగా జరుపుతోంది. ఎనభై ఏళ్లు ఆలస్యంగానైనా ఆ పేరు బయటికొచ్చింది, నాకు సంతోషమే. ఆ నీళ్లతో బాన్సువాడ, బోధన్ వైపు రెండు లక్షల డెబ్బై అయిదు వేల ఎకరాల ఆయకట్టు అనుకున్నారు. కాలువ వెంట చెరకు పెరిగింది, చెరకు వెంట 1930లలో బోధన్‌కు నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది.

పూడిక మాత్రం చక్రవర్తినీ నిజామునూ ఒకేలా చూస్తుంది. 29 టీఎంసీలకు పైగా పట్టేలా కట్టిన జలాశయంలో ఇవాళ 17.8 టీఎంసీలే పడతాయి. ఎగువన సింగూరు కట్టాక మంజీర నీళ్లు హైదరాబాద్ దాహానికీ పంచుకోవాల్సి వచ్చింది. కాలువ చివరి రైతుకు వంతు ఎప్పుడొస్తుందా అని ఆకాశం వైపూ, నీళ్లు వదిలే లష్కర్ వైపూ చూడటమే మిగిలింది. ఒక కట్టడాన్ని నిలబెట్టడానికి ఉన్నంత ఉత్సాహం దాన్ని బతికించుకోడానికి మనకు లేకపోవడం నన్ను బాధపెడుతుంది. వెస్పాసియన్‌లా గొప్పకైనా సరే, తొమ్మిదేళ్లు పాడుబెట్టామని రాతి మీద ఒప్పుకునేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు?

మొన్న వానాకాలం గేట్లు ఎత్తిన రోజు కట్ట మీదికి పోయాను. కింద నీళ్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి, తుంపర మొహానికి కొడుతోంది. పక్కన నిలబడ్డ ముసలాయన ఎవరికీ కాదన్నట్టు అన్నాడు, “మా తాత ఈడ రాయి మోసిండు బిడ్డా.”

“ఏ రాయి తాతా?” అని అడిగాను.

“గదెట్ల ఎరుక?” అంటూనే పిట్టగోడ మీద అరచెయ్యి పెట్టి, తడి రాయిని అటూ ఇటూ తుడిచాడు. తర్వాత దాని పక్క రాయిని. ఆ తర్వాత దాని పక్కదాన్ని.