కటలాన్ చేసిన పాపమేంటి?

2025 జులై 28న బటుమిలో (జార్జియా దేశం, అమెరికా వాళ్ళది కాదు) మహిళల ప్రపంచ కప్ ఫైనల్ టైబ్రేక్‌లో మన కోనేరు హంపి దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత మేడ్చల్ నుంచి వెళ్ళే మా ఆఫీసు క్యాబ్‌లో ఏకగ్రీవంగా తీర్పు చెప్పేశారు: ఆఖరి గేమ్‌లో కటలాన్ ఆడకుండా ఉండాల్సిందట! నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఇంతకీ ఏమిటీ కటలాన్? 1929లో బార్సిలోనా టోర్నమెంట్ నిర్వాహకులు మా ప్రాంతం పేరు మీద ఒక ఓపెనింగ్ తయారుచేసి పెట్టమని టార్టకోవర్‌ని అడిగారని చెప్తారు. ఆయన చేసిందల్లా అప్పటికే ఉన్న ముక్కల్ని కలపడం (మనం రోజూ చేసే పనే కదా). తెల్లపావులతో డీ4, సీ4, జీ3 ఆడి, బిషప్‌ని జీ2 గడిలో కూర్చోబెట్టాలి. అది అక్కణ్ణించి అవతలి మూల దాకా ఐమూలగా చూస్తుంటుంది. నల్లవాళ్ళు సీ4 బంటుని తినచ్చు, కానీ దాన్ని కాపాడుకోవడానికి తలప్రాణం తోకకొస్తుంది. తెల్లవాళ్ళకి పెద్ద ప్రమాదం లేదు, ఒత్తిడి మాత్రం చాలాసేపు ఉంటుంది. 2006లో క్రామ్నిక్ టొపలోవ్‌ని మొదటి గేమ్‌లో ఓడించింది దీంతోనే. 2010లో సోఫియాలో ఆనంద్ అదే టొపలోవ్‌ని రెండో గేమ్‌లో, నాలుగో గేమ్‌లో కొట్టిందీ దీంతోనే.

ఇక బటుమి సంగతి. రెండు క్లాసికల్ గేములూ డ్రా, మొదటి ర్యాపిడ్ కూడా డ్రా. రెండో ర్యాపిడ్‌లో హంపికి తెల్లపావులు. చేతిలో 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు అదనం. ఎదురుగా 19 ఏళ్ళ అమ్మాయి. అలాంటప్పుడు రిస్క్ తక్కువున్న కటలాన్ కంటే మంచి ఎంపిక ఏముంటుంది చెప్పండి? ఓపెనింగ్ దాటి చాలా దూరం వరకు ఆట సమంగానే నడిచింది. చెడింది గడియారం దగ్గర. టైమ్ అయిపోవస్తుంటే హంపి బంటుల్ని వదులుకుంది. మధ్యలో దివ్య కూడా తడబడి డ్రాకి దారిచ్చింది, హంపి అందుకోలేకపోయింది. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే డిజైన్ డాక్యుమెంట్‌ని తిట్టినట్టుంది మావాళ్ళ తీర్పు.

"వయసైపోయింది, ర్యాపిడ్ ఆడలేదు" అన్న రెండో తీర్పైతే మరీ అన్యాయం. 2002లో, పదిహేనేళ్ళు దాటిన రెండు నెలల్లోపే, జూడిట్ పోల్గార్ రికార్డు బద్దలుకొట్టి గ్రాండ్‌మాస్టర్ అయిన మనిషి ఈవిడ. అప్పటికి దివ్య పుట్టనే లేదు. ఆ హంపే బటుమికి ఏడు నెలల ముందు, 2024 డిసెంబర్‌లో, న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ రెండోసారి గెలిచింది. అక్కడా ఇవే 15 నిమిషాలు, ఇవే 10 సెకన్లు. చివరి రౌండులో నల్లపావులతో!

వీలైతే ఆ గేమ్‌ని మీరే ఒకసారి చూడండి. మొదటి ఇరవై ఎత్తులూ వదిలేసినా ఫర్వాలేదు, ఆఖరి ఎత్తుల దగ్గర ఇద్దరి గడియారాల మీద ఒక కన్నేసి ఉంచండి.