షాంపేన్‌లో అణువుల వ్యాపనం – కంప్యూటరు కట్టిన లెక్క

ద్రవం కంటికి ఎంత నిశ్చలంగా కనిపించినా దానిలోని అణువులు క్షణమైనా ఊరకుండవు. ఒక పదార్థపు అణువులు ఎక్కువగా ఉన్న చోటు నుండి తక్కువగా ఉన్న చోటికి తమంతట తామే విస్తరించడాన్ని వ్యాపనం అంటారు. సరిహద్దు గ్రామాల పిల్లలు కొందరు ఈ మాటనే కన్నడంలో విసరణె అనీ, తమిళంలో విరవల్ అనీ, మరాఠీలో విసరణ్ అనీ చదువుకొంటారు. తరగతి గదిలో గాజు గ్లాసు నీటిలో పొటాషియం పర్మాంగనేటు పలుకు ఒకటి వేసి, ఊదారంగు పాకడాన్ని చూపించడం ఉపాధ్యాయులందరికీ అలవాటే. అయితే ఆ రంగు పాకడంలో నీటి కదలిక పాత్రే ఎక్కువ; అసలైన వ్యాపనం అంతకంటే ఎంతో నిదానమైనది. ఎంత నిదానమో షాంపేన్‌ను పరిశీలిస్తే చక్కగా తెలుస్తుంది.

పిల్లలు చదివే వ్యాసంలో మద్యం ప్రస్తావన ఏమిటని పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. మన సంతలో దొరికే గోలీసోడాలో నురగలు కక్కేదీ, షాంపేన్ సీసా బిరడాను ఎగురగొట్టేదీ ఒకే వాయువు. అదే కార్బన్ డయాక్సైడ్, పూర్వపు పుస్తకాలలోని బొగ్గుపులుసు వాయువు. సోడాలో నీరు, వాయువు మాత్రమే ఉంటాయి. షాంపేన్‌లో వాటికి తోడు ఆల్కహాల్, కొద్దిగా చక్కెర, గ్లిసరాల్, మాంసకృత్తుల తునకలు కూడా ఉంటాయి. వీటిలో ఏది వాయువు నడకను ఆపుతున్నది? శాస్త్రజ్ఞులను ఆకర్షించిన ప్రశ్న ఇదే.

షాంపేన్ ఫ్రాన్సు దేశపు ఈశాన్య భాగంలోని ఒక ప్రాంతం; పానీయానికి ఆ పేరే వచ్చింది. అక్కడ ద్రాక్షరసం ఒకసారి పులిసిన తరువాత, లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్టు చేర్చి సీసాలో బంధిస్తారు. రెండవసారి పులిసినపుడు పుట్టిన వాయువు బయటపడే దారిలేక ద్రవంలోనే కరిగిపోతుంది. 12 డిగ్రీల సెల్సియస్ వద్ద సీసాలోని పీడనం దాదాపు 6 వాతావరణ పీడనాలు. 750 మిల్లీలీటర్ల సీసాలో కరిగి ఉండే వాయువు సుమారు 9 గ్రాములు. దానిని బయటకు వదిలితే 5 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. బిరడా తీయగానే పీడనం తగ్గి, ద్రవం ఆ భారాన్ని మోయలేకపోతుంది. గ్లాసుకు అంటిన సన్నని నూలుపోగులలో, అంటే గుడ్డతో తుడిచినపుడు మిగిలినవో గాలిలో ఎగిరివచ్చినవో అయిన పోగులలో, చిక్కుకొన్న గాలి వద్ద బుడగలు పుడతాయి. చుట్టుపక్కల ద్రవంలోని వాయువు వ్యాపనం ద్వారా ఆ గాలిలోనికి చేరడం వలననే బుడగ పెరుగుతుంది.

షాంపేన్‌లో కార్బన్ డయాక్సైడ్ వ్యాపన గుణకం, 20 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, సెకనుకు ఒక చదరపు మీటరులో వంద కోట్లవ వంతుకు 1.4 నుండి 1.5 రెట్లు. ఈ అంకెను అలాగే చెబితే ఎవరికీ బోధపడదు, కనుక లెక్కగా మారుద్దాం. అణువు వ్యాపనం వలన ఒక మిల్లీమీటరు జరగడానికి దాదాపు 6 నిమిషాలు పడుతుంది. దూరం పది రెట్లైతే కాలం నూరు రెట్లవుతుంది. అంటే ఒక సెంటీమీటరుకు తొమ్మిదిన్నర గంటలు, గ్లాసు అడుగు నుండి 10 సెంటీమీటర్లు పైకి రావడానికి సుమారు 40 రోజులు! కానీ మిల్లీమీటరులో యాభయ్యవ వంతు దూరానికైతే సెకనులో ఏడవ వంతు చాలు. కనుకనే అణువు బుడగ దాకా వ్యాపనంతో చేరుతుంది, అటుపైన బుడగనెక్కి పైకి వస్తుంది.

ఇక కంప్యూటరు విషయం. అణువులను ఒక్కొక్కటిగా గణించి వాటి నడకను చూసే పద్ధతిని అణుగతిక అనుకరణ అనవచ్చు. ద్రవాలకు ఈ పద్ధతిని వర్తింపజేసినవారిలో అగ్రగణ్యుడు 1927లో హైదరాబాదులో జన్మించిన అనీసుర్ రహమాన్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించి, తరువాత అమెరికా వెళ్లిన ఈయన, 1964లో 864 ఆర్గాన్ పరమాణువుల నడకను కంప్యూటరుపై గణించి, వాటి వ్యాపన గుణకాన్ని రాబట్టారు. 1971లో ఫ్రాంక్ స్టిల్లింగర్‌తో కలిసి 216 నీటి అణువులతో నీటినే అనుకరించారు. మన పిల్లలకు ఈ పేరు చెప్పేవారు తక్కువ, చెప్పవలసిన పేరు.

పద్ధతిలోని మూలసూత్రం న్యూటన్ చలన నియమాలే. ప్రతి అణువుపైన మిగిలినవి చూపే ఆకర్షణ వికర్షణలను కూడి, అది మరుక్షణంలో ఎక్కడుంటుందో లెక్కిస్తారు. ఆ క్షణం ఎంతటిదంటే, సెకనును పది లక్షల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మరల వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చేటంత. ఇటువంటి అడుగులు లక్షలకొద్దీ వేయించిన పిమ్మట, అణువు సగటున ఎంత దూరం జరిగిందో చూసి వ్యాపన గుణకం కడతారు. షాంపేన్ పాళ్లలో అయితే 10,000 నీటి అణువులకు సుమారు 440 ఆల్కహాల్ అణువులు, 50 కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి.

షాంపేన్ ప్రాంతంలోనే ఉన్న రీమ్స్ విశ్వవిద్యాలయంలో జెరార్ లిజే-బెలేర్, డేవిడ్ బొనోమో మొదలైనవారు ఈ పని చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. వారికెదురైన చిక్కు ఈ వ్యాసానికంతటికీ ప్రధానమైనది. కంప్యూటరుకు నీరంటే ఏమిటో తెలియదు. నీటి అణువుకు ఒక నమూనా మనమే ఇవ్వాలి. వారు రెండు నమూనాలు వాడారు. ఎస్.పి.సి./ఇ అనే నమూనాలో అణువుకు మూడు స్థానాలు ఉంటాయి. టి.ఐ.పి.5.పి అనే దానిలో, పేరులోని అంకె చెప్పినట్లు, స్థానాలు అయిదు. శుద్ధమైన నీటి విషయంలో మొదటిదే మెరుగని తేలింది. కానీ ఆల్కహాల్ కలిసేసరికి ఫలితం తారుమారయింది. షాంపేన్‌లో కొలిచిన విలువకు చేరువగా వచ్చింది రెండవది. మొదటి నమూనాలోని నీరు తమలో తాము, ఆల్కహాల్‌తోను హైడ్రోజన్ బంధాలను గట్టిగా పట్టుకొని వాయువు నడకను అతిగా మందగింపజేస్తున్నదని వారు భావించారు. గణాంకపరమైన పొరపాటును పూర్తిగా తోసిపుచ్చలేమని కూడా వారే రాశారు. ఈ నిజాయితీ నాకు మిక్కిలి నచ్చింది. నీటిలో నెగ్గిన నమూనా మిశ్రమంలోనూ నెగ్గుతుందని నమ్మి ఊరకుంటే తప్పు విలువే నిజమని చలామణీ అయ్యేది.

అందుకే అదే సంవత్సరం మరొక పరిశీలనలో అనుకరణను ప్రయోగంతో సరిచూశారు. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. స్కానింగుకు ఆధారమైన అయస్కాంత అనునాద పద్ధతితోనే, కార్బన్-13 పరమాణువుల ఆధారంగా, వివిధ ఉష్ణోగ్రతల వద్ద అణువుల వ్యాపనాన్ని కొలిచారు. లెక్క, కొలత రెండూ చక్కగా పొసగాయి. నీటిని మినహాయిస్తే, వాయువు నడకను ముఖ్యంగా నిర్ణయించేది ఆల్కహాలేనని తేలింది. చక్కెర, గ్లిసరాల్, మాంసకృత్తుల తునకలు షాంపేన్‌లో ఉండే కొద్దిపాటి మోతాదుతో చెప్పుకోదగ్గ మార్పు తేవని వారి అభిప్రాయం. ఉష్ణోగ్రత పెరిగితే ద్రవం పలుచనై వ్యాపనం వేగవంతమవుతుంది, వాయువు కరిగే శక్తీ తగ్గుతుంది. గోలీసోడా ఎండకు పెట్టినది కొడితే పొంగిపోయి, చల్లగా ఉన్నదైతే చాలాసేపు చురుక్కుమనేది ఇందువల్లనే.

ఈ అనుకరణలో బుడగ పుట్టుక కనిపించదు. 10,000 నీటి అణువులు పట్టే పెట్టె భుజం సుమారు 7 నానోమీటర్లు మాత్రమే. నూలుపోగులో చిక్కిన గాలి బుడగగా ఎదగాలంటే దాని వ్యాసార్థం కనీసం 200 నానోమీటర్ల వరకు ఉండాలి. పెట్టె నుండి వచ్చిన వ్యాపన గుణకాన్ని తీసుకొని, బుడగ ఎదుగుదలను వేరే సమీకరణాలతో గణించవలసి ఉంటుంది.