రౌటరు మనల్ని దేశం పేరు ఎందుకు అడుగుతుంది?



మేల్పాడి మొదలుకొని గుడియాత్తం, వేలూరు దాకా ఇప్పుడు ఏ వీధిలో చూసినా వైఫై ఉంది. "సిగ్నలు నిండుగా చూపిస్తుంది, పాప ఆన్‌లైన్ క్లాసు మాత్రం ఆగి ఆగి వస్తుంది" అన్న మాట కూడా తరచూ వింటున్నాం. దానికి తయారుగా ఒక సలహా ఉంటుంది: "రౌటరు సెట్టింగుల్లో దేశం అమెరికా అని పెట్టు, పవరు పెరుగుతుంది." ఆ చిన్న గడి వెనక తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే ఈ సలహా విలువ కూడా తెలుస్తుంది.

1933లో బ్రిటిషు ప్రభుత్వం ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. పాటలు, వార్తలు వినే రేడియో పెట్టెకు కూడా మన పెద్దలు పోస్టాఫీసుకు పోయి రుసుము కట్టి లైసెన్సు తీసుకోవలసి వచ్చేది. 1980లలో ఆ బెడద తీరింది. అయితే రేడియో వినే పెట్టె. వైఫై రౌటరు మాట్లాడే పెట్టె కూడా. గాలిలోకి తరంగాలు వదిలే దేనికైనా ప్రభుత్వ అనుమతి కావాలన్నది పాత సూత్రం.

ఆ సూత్రానికి అమెరికాలో 1985లో సడలింపు వచ్చింది. మైక్రోవేవ్ ఓవెన్ల వంటి యంత్రాలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల, తక్కువ శక్తితో ఎవరైనా లైసెన్సు లేకుండా మాట్లాడుకోవచ్చని అక్కడి కమిషన్ ఒప్పుకుంది. 1997లో వచ్చిన తొలి వైఫై ప్రమాణం ఆ ఖాళీలోనే పుట్టింది. మన దేశంలో 2005 జనవరి 28న వెలువడిన ప్రకటన 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కరలేదని చెప్పింది. యాంటెన్నా నుంచి వెలువడే శక్తికి హద్దు 4 వాట్లు. అప్పట్లో 5 గిగాహెర్ట్జ్‌లో కొంత భాగాన్ని ఇంటి లోపల వాడకానికే వదిలారు. 2018 అక్టోబరులో ఆరుబయట వాడకానికీ తెరిచారు.

ఈ స్వేచ్ఛతో ఏం సాధించవచ్చో మన రాష్ట్రంలోనే చూశాం. తెలుగు ఇళ్లు చాలా ఉన్న తేని జిల్లాలో, 2000ల నడిమి ఏళ్లలో, అరవింద్ కంటి ఆసుపత్రి, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పరిశోధకులు కలిసి పల్లెల్లోని కంటి కేంద్రాలను మామూలు వైఫై రేడియోలతోనే ఆసుపత్రికి కలిపారు. పల్లెలో కూర్చున్న రోగిని తేనిలోని డాక్టరు వీడియోలో చూసేవారు. చిక్కు ఎక్కడంటే, వైఫై ఒక ముక్క పంపి "అందింది" అన్న బదులు కోసం కొన్ని మైక్రోసెకండ్లే ఆగుతుంది. 15 కిలోమీటర్లు పోయి రావడానికి తరంగానికి 100 మైక్రోసెకండ్లు పడుతుంది. బదులు వచ్చేలోపే రేడియో విసుగెత్తి అదే ముక్కను మళ్లీ పంపుతుంది. వాళ్లు పవరు పెంచి ఊరుకోలేదు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో వంతులు వేశారు, బదులు కోసం ఆగే పద్ధతి మార్చారు. అప్పుడు దారి కుదిరింది.

లైసెన్సు లేని గాలికి చట్టం పెట్టిన షరతు కూడా వంతు లాంటిదే. ఈ జాగా ఎవరి సొంతమూ కాదు. మీరు ఇంకొకరికి ఆటంకం కలిగించకూడదు. మీకు ఆటంకం కలిగితే రక్షణ అడగకూడదు. చెరువు నీళ్లకు వంతులు తెలిసిన మనకు ఇది కొత్త మాట కాదు. ఒక్క తేడా, ఇక్కడ తూము దగ్గర కాపలావాడు లేడు.

ఇప్పుడు ఆ సలహా సంగతి. 2.4 గిగాహెర్ట్జ్‌లో మామూలు వైఫైకి అమెరికా హద్దు కూడా 4 వాట్లే. పైగా అమెరికా అని పెడితే మనకు అనుమతి ఉన్న 12, 13 చానళ్లు సాధారణంగా కనబడకుండా పోతాయి. పవరు పెరిగిందనే అనుకుందాం. రౌటరు అరుపు ఫోనుకు వినబడుతుంది, ఫోను చిన్న గొంతు రౌటరుకు చేరదు. నిండు గీతలు, ఆగిపోయే క్లాసు — చాలాసార్లు కారణం ఇదే, లేదా పక్కింటి రౌటరుతో ఢీకొనడం.

కాబట్టి దేశం ఇండియా అనే పెట్టండి. 2.4లో వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 40 పెడితే ఉన్న జాగాలో సగం మీరే ఆక్రమించినట్టు. ఒకదానిపై ఒకటి పడకుండా 1, 6, 11 చానళ్లు సరిపోతాయి. వరుసలో ఉన్న మూడు ఇళ్లవాళ్లు తలా ఒకటి తీసుకోవచ్చు. రౌటరుకు దగ్గరగా వాడేవాటిని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. అన్నలూ అక్కలూ, పక్కింటివాళ్లను ఒక్కమాట అడిగి చానలు ఎంచుకోండి. పిల్లల పరీక్షలు మొదలయ్యేలోపు వీధికి ఒకరైనా ఈ పని చేయించగలిగితే చాలు.