పీటా చట్టం ఎవరిని శిక్షిస్తోంది? వ్యభిచారం చట్టబద్ధతపై ఒక పరిశీలన

వ్యభిచారాన్ని చట్టబద్ధం చేయాలా వద్దా అన్న చర్చ మన దగ్గర నీతి దగ్గర మొదలై నీతి దగ్గరే ఆగిపోతుంది. ఇప్పుడున్న చట్టం ఏం చెబుతోందో చదివి మాట్లాడేవారు తక్కువ. 1956లో వచ్చి, 1986 సవరణతో ఇప్పటి పేరు పొందిన అనైతిక రవాణా నిరోధక చట్టాన్నే పోలీసులు, పత్రికలు పీటా అంటున్నాయి. వయసొచ్చిన స్త్రీ తన ఇష్టంతో, తన ఇంట్లో, ఒంటరిగా ఈ పని చేస్తే అది దానంతటదే నేరమని ఈ చట్టం చెప్పదు. అయితే ఆమె బతుకు చుట్టూ ఉన్న దాదాపు ప్రతిదీ నేరమే. నా వాదన ఒక్కటే: ఆమె మీద పడే సెక్షన్లు పోవాలి, ఆమెను అమ్మేవాళ్ల మీద పడే సెక్షన్లు ఉండాలి, లైసెన్సుల పద్ధతి మాత్రం రాకూడదు.

ముందు సెక్షన్ 2 చూద్దాం. ఇద్దరు స్త్రీలు పరస్పర లాభం కోసం ఒకే గది వాడుకున్నా ఆ గది వ్యభిచార గృహమే అవుతుంది. తోడు ఉంటే తాగొచ్చినవాడి నుంచో, కత్తి చూపేవాడి నుంచో కొంత రక్షణ దొరుకుతుంది. ఆ తోడునే చట్టం నేరంగా లెక్కగడుతోంది. సెక్షన్ 4 మరీ ఘోరం. ఆమె సంపాదన మీద తెలిసి బతికే పద్దెనిమిదేళ్లు దాటిన వ్యక్తి ఎవరైనా రెండేళ్ల దాకా జైలుకు అర్హుడే. ఆమెతో కలిసి ఉంటున్నట్టు రుజువైతే చాలు, ఆ సంపాదనతోనే బతుకుతున్నాడని కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం అతనిదే. తల్లి కట్టే ఫీజుతో డిగ్రీ చదివే కొడుకు, మందుల కోసం కూతురి మీద ఆధారపడ్డ ముసలి తల్లి ఈ నిర్వచనం నుంచి తప్పించుకోలేరు. బ్రోకర్ల కోసం రాసిన సెక్షన్ ఇంటివాళ్ల మెడకు చుట్టుకుంటోంది.

బహిరంగంగా విటులను పిలిస్తే సెక్షన్ 8 కింద స్త్రీకి మొదటిసారి ఆరు నెలల దాకా శిక్ష పడవచ్చు. అదే నేరం పురుషుడు చేస్తే గరిష్ఠంగా మూడు నెలలే. పైగా 10ఏ సెక్షన్ ప్రకారం స్త్రీని జైలుకు బదులు దిద్దుబాటు సంస్థకు పంపవచ్చు, అక్కడి గడువు రెండు నుంచి ఐదేళ్లు. ఆరు నెలల నేరానికి ఐదేళ్ల నిర్బంధాన్ని సంస్కరణ అనడం నాకు సమ్మతం కాదు.

అలాగని సర్కారే లైసెన్సులిచ్చి నడిపించాలనే వారితోనూ ఏకీభవించలేను. ఆ ప్రయోగం ఇక్కడ జరిగిపోయింది. బ్రిటిష్ సైనికులకు సుఖవ్యాధులు సోకకుండా 1864 కంటోన్మెంట్ చట్టం, 1868 అంటువ్యాధుల చట్టం తెచ్చి, స్త్రీల పేర్లు రిజిస్టర్లకెక్కించి, బలవంతపు వైద్య పరీక్షలు చేశారు. రోగం ఉందంటే లాక్ ఆసుపత్రిలో బంధించారు. ఆ సైనికులను మాత్రం అలా నిర్బంధించలేదు. ఆధునిక జర్మనీ 2002లో ఈ వృత్తిని చట్టబద్ధం చేసి, 2017 నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. 2019 చివరికి నమోదైనవారు సుమారు 40 వేలే. ముద్ర పడుతుందన్న భయం ఉన్నచోట రిజిస్టర్ నిండదు. నమోదు కానివాళ్లు మళ్లీ చీకట్లోనే మిగిలిపోతారు.

న్యూజిలాండ్ దారి వేరు. 2003లో ఒక్క ఓటు తేడాతో, 60-59తో, నెగ్గిన చట్టం ప్రకారం నలుగురి దాకా స్త్రీలు యజమాని లేకుండా, ఎవరి డబ్బు వాళ్లే చూసుకుంటూ కలిసి పనిచేసుకోవచ్చు. అందుకు లైసెన్సు అక్కర్లేదు. మన సెక్షన్ 2 నేరమన్న తోడును అక్కడి చట్టం కాపాడింది. దానికీ లోపముంది. తాత్కాలిక వీసాల మీద వచ్చినవారికి ఆ రక్షణ వర్తించదు, దోపిడీకి సులువుగా దొరికేదీ వాళ్లే.

బలమైన అభ్యంతరం మనుషుల అక్రమ రవాణా గురించి. చట్టబద్ధం చేసిన దేశాలకు రవాణా ఎక్కువగా ఉందని దాదాపు 150 దేశాల సమాచారంతో 2013లో వెలువడ్డ ఒక అధ్యయనం చెప్పింది. రహస్యంగా సాగే నేరానికి నికరమైన లెక్కలు దొరకవని దాని రచయితలే హెచ్చరించినా, ఆ ఫలితాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కరువు సీమ నుంచి పని ఇప్పిస్తామని పుణె, ముంబైలకు తీసుకెళ్లి అమ్మేసిన ఆడపిల్లల కథలు మనకు తెలియనివి కావు. అందుకే వ్యభిచార గృహాల యజమానుల మీది సెక్షన్ 3, రవాణాదారుల మీది సెక్షన్ 5, నిర్బంధించేవారి మీది సెక్షన్ 6 కదపకూడదంటున్నాను. మైనర్ల విషయంలో ఏ సడలింపూ ఉండరాదు.

కేవలం నిషేధం ఏం చేస్తుందో హైదరాబాద్ చూసింది. 1996లో పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ అనే వ్యభిచార వాడను ఖాళీ చేయించారు. అక్కడి స్త్రీలకు గూడు పోయింది, బతుకుతెరువు చూపించలేదు. అక్రమ రవాణా బాధితుల కోసం పనిచేసే ప్రజ్వల సంస్థ వాళ్ల పిల్లల కోసం పెట్టిన బడితోనే మొదలైంది. అంతకు ముందు దేవదాసీ వ్యవస్థ రద్దు చర్చలోనూ ఇదే జరిగింది. దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారు మా మాట వినమని వేడుకున్నా, 1947 మద్రాసు చట్టం వాళ్ల మాట పెద్దగా పట్టించుకోకుండానే వచ్చింది. ఆ వ్యవస్థ పోవలసిందే; పోయాక వాళ్లెలా బతకాలో వాళ్లను అడిగి ఉండవలసింది.

2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో జస్టిస్ లావు నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, గౌరవంగా బతికే హక్కు సెక్స్ వర్కర్లకూ ఉందని చెప్పింది. ఆధార్ ఇవ్వాలనీ, కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూపరాదనీ, రక్షణ గృహాల్లో ఇష్టం లేకుండా ఉంచిన వయోజన స్త్రీలను గుర్తించి విడుదల చేయాలనీ ఆదేశించింది. సమ్మతితో ఉన్న వయోజనులపై పోలీసు చర్య వద్దన్న సిఫార్సు మాత్రం కేంద్రం అభ్యంతరంతో ఆగిపోయింది.

సెక్షన్ 2, 4, 8లను సవరించాల్సింది పార్లమెంటు. రక్షణ గృహాల సర్వే చేయించడం, రైడ్‌లో దొరికిన వయోజన స్త్రీని ఆమె మాట వినకుండా హోమ్‌కు తరలించవద్దని స్టేషన్లకు రాతపూర్వకంగా చెప్పడం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల చేతిలో పని. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఆ ఉత్తర్వు ఇప్పుడే ఇవ్వాలి.