పుష్కరకాలం తర్వాత పునరాగమనం: పారా క్రీడల చరిత్రలో నాలుగు విరామాలు

దివ్యాంగుల క్రీడల మీద వ్యాసం రాయమంటే మనలో చాలామందిమి ఒకే దారి పడతాం. వైకల్యం శరీరానికే గానీ మనసుకు కాదని మొదలుపెట్టి, ఇద్దరు ముగ్గురు పతక విజేతల పేర్లు రాసి, సంకల్పబలం ఉంటే ఏదైనా సాధ్యమని ముగిస్తాం. అందులో అబద్ధం లేదు. కానీ సగం చరిత్ర వదిలేసినట్టు అవుతుంది. ఆటకు దూరమైన మనిషి మళ్లీ ఆటలోకి రావాలంటే సంకల్పంతో పాటు ఇంకేం కావాలి? ఈ ప్రశ్నకు నాలుగు ఉదాహరణలతో జవాబు వెతుకుదాం.

ముందు ఒక చిన్న లెక్క. పారాలింపిక్స్ నాలుగేళ్లకోసారి జరుగుతాయి. వరుసగా రెండుసార్లు అవకాశం పోతే, మూడోసారి వచ్చేసరికి పన్నెండేళ్లు గడిచిపోతాయి. అంటే ఒక పుష్కరం. కింది నాలుగు విరామాలూ సరిగ్గా అంతే.

నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల చికిత్సలో భాగంగా ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఆటలను ప్రవేశపెట్టారు. 1948లో లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే అక్కడ చక్రాల కుర్చీలో ఉన్నవారికి విలువిద్య పోటీ పెట్టారు. ఆ ప్రయత్నమే 1960లో రోమ్‌లో తొలి పారాలింపిక్స్‌గా మారింది.

1. భారత్: 1972 నుంచి 1984

మహారాష్ట్రకు చెందిన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో బాక్సర్. 1965 యుద్ధంలో బుల్లెట్ గాయాలతో నడుము కింది భాగం చచ్చుబడింది. బాక్సింగ్‌కు దారి మూసుకుపోయింది కాబట్టి వేరే ఆటల ద్వారా తిరిగి వచ్చారు. 1968లో టెల్ అవీవ్‌లో టేబుల్ టెన్నిస్ ఆడారు. 1972లో హైడెల్‌బెర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్ ఈతను 37.33 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. భారత్‌కు అదే తొలి పారాలింపిక్ స్వర్ణం.

ఆ తర్వాత 1976లోనూ 1980లోనూ భారత్ పాల్గొననే లేదు. 1984లో తిరిగి వచ్చినప్పుడు నాలుగు పతకాలు వచ్చాయి. వాటిలో మూడు జోగిందర్ సింగ్ బేడీవి, ఒకటి భీమ్‌రావ్ కేసర్కర్‌ది. దేశంలో ప్రతిభకు కొదవ లేదని దీన్నిబట్టే తెలుస్తోంది. జట్టే వెళ్లకపోతే క్రీడాకారుడు ఎంత సిద్ధంగా ఉన్నా చేయగలిగింది ఏమీ లేదు. పేట్కర్‌కు పద్మశ్రీ వచ్చింది 2018లో, అంటే గెలిచిన 46 ఏళ్లకు.

2. మంచు మీద: 1976 నుంచి 1988

రెండో ఉదాహరణ యూరప్‌ది. భారత్‌తో సంబంధం లేకపోయినా, పరికరం పాత్ర ఇందులో బాగా కనిపిస్తుంది. యుద్ధకాలంలో కాళ్లు పోగొట్టుకున్న ఆస్ట్రియా, జర్మనీ సైనికులు మళ్లీ స్కీయింగ్ చేయాలనుకున్నారు. 1942లో జర్మనీకి చెందిన ఫ్రాంజ్ వెండెల్ చంకకర్రల కింద చిన్న స్కీలు బిగించి పోటీలో దిగాడు. ఒక కాలు, రెండు చేతికర్రలు, మొత్తం మూడు జాడలు. బ్యాలెన్స్ సమస్యకు ఇది సులువైన పరిష్కారం.

1976లో స్వీడన్‌లోని ఆర్న్‌షోల్డ్స్‌విక్‌లో తొలి శీతాకాల పారాలింపిక్స్ జరిగాయి. కాలో చెయ్యో లేనివారు, చూపు లోపం ఉన్నవారు మాత్రమే పోటీపడ్డారు. నిలబడలేనివారికి చోటు లేదు. కూర్చుని చేసే సిట్-స్కీయింగ్ 1988లో ఇన్స్‌బ్రుక్‌లో పతక పోటీల్లో చేరింది. శరీరానికి సరిపోయే సీటు, దాని కింద కుదుపులు తట్టుకునే షాక్ అబ్జార్బర్, ఒక స్కీ, చేతుల్లో చిన్న స్కీలున్న కర్రలు. వెన్నెముక గాయమైన మనిషి మళ్లీ కొండవాలు మీదకు వెళ్లాలంటే ఇవన్నీ అమరాలి. ధైర్యం ఒక్కటే ఆ సీటును తయారుచేయదు.

3. ఇతరుల మోసం: 2000 నుంచి 2012

2000 సిడ్నీ క్రీడల్లో మేధోపర వైకల్యం విభాగంలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులోని 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. శిక్ష ఆ జట్టుతో ఆగలేదు. మేధోపర వైకల్యం ఉన్న క్రీడాకారులందరికీ 2004లోనూ 2008లోనూ పోటీలు లేకుండా పోయాయి. కొత్త నిర్ధారణ పద్ధతితో 2012లో లండన్‌లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లలో తిరిగి అనుమతించారు.

ఇక్కడ మన రాష్ట్రానికి సంబంధం ఉంది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవంజి 2024 పారిస్ క్రీడల్లో 400 మీటర్ల టీ20 పరుగులో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. టీ20 అంటే మేధోపర వైకల్యం విభాగమే. ఆ తలుపు మూసిన నాటికి ఆమె పుట్టనేలేదు. తెరవకపోయి ఉంటే ఆమెకు ఆ ట్రాకే లేదు.

4. దేవేంద్ర ఝఝారియా: 2004 నుంచి 2016

రాజస్థాన్‌లోని చురు జిల్లాకు చెందిన ఝఝారియా ఎనిమిదేళ్ల వయసులో చెట్టెక్కి కరెంటు తీగ తగిలి ఎడమ చెయ్యి కోల్పోయారు. 2004లో ఏథెన్స్‌లో జావెలిన్‌ను 62.15 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డుతో స్వర్ణం సాధించారు. 2008లోనూ 2012లోనూ ఆయన విభాగమైన ఎఫ్46 జావెలిన్ పతకాల జాబితాలోనే లేదు. ప్రపంచ రికార్డు చేతిలో ఉంది, విసరడానికి పోటీ లేదు.

2016లో రియోలో ఆ విభాగం తిరిగి వచ్చింది. 35 ఏళ్ల వయసులో 63.97 మీటర్లతో తన రికార్డును తానే దాటి మళ్లీ స్వర్ణం గెలిచారు. 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో 64.35 మీటర్లతో రజతం. అక్కడ స్వర్ణం గెలిచింది శ్రీలంక సైనికుడు దినేష్ ప్రియాంత హేరత్, 67.79 మీటర్లతో. అంతర్యుద్ధంలో గాయపడిన హేరత్ తన దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చారు. యుద్ధం నుంచి మైదానానికి పేట్కర్ నడిచిన దారి దక్షిణాసియాలో ఇంకా కొనసాగుతోందన్నమాట.

చట్టం ఏమంటోంది?

1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించింది. 2007లో భారత్ దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఆమోదించింది. దాని 30వ అధికరణం క్రీడల్లో భాగస్వామ్యాన్ని హక్కుగా చెబుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. దాని 30వ సెక్షన్ క్రీడల గురించే. రెండింటిలోనూ అంకె 30 కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. ఒడంబడిక, చట్టం ఆటను దయగా కాక ప్రభుత్వ బాధ్యతగా చూస్తున్నాయన్నది ఇక్కడ అసలు విషయం.

ముగింపు

నాలుగు విరామాల్లోనూ మనిషి సంకల్పం లోపించలేదు. ఒకచోట జట్టు లేదు, ఒకచోట పరికరం లేదు, ఒకచోట నమ్మదగిన నిర్ధారణ పద్ధతి లేదు, ఒకచోట జాబితాలో పేరు లేదు. ఇంకో మాట. మనకు తెలిసినవి తిరిగి వచ్చినవాళ్ల పేర్లే. ఆ పన్నెండేళ్లలో వయసు మీరి, ఇల్లు గడవడం కోసం ఆట వదిలేసినవాళ్లు ఏ పతకాల పట్టికలోనూ ఉండరు. నోటిఫికేషన్ రాని ఏళ్లలో కూడా వయసు ఆగదని మనకు ఎవరూ వేరే చెప్పక్కర్లేదు కదా.

కాబట్టి ఈసారి జవాబు రాసేటప్పుడు ఝఝారియా పట్టుదల గురించి ఒక వాక్యం రాయండి. ఆ పట్టుదలను పన్నెండేళ్లు ఎందుకు వేచి ఉండేలా చేశారో రెండో వాక్యంలో రాయండి. జీఎస్ పేపర్ 2లో దుర్బల వర్గాల సంక్షేమానికీ, జనరల్ ఎస్సేకీ ఈ కోణం పనికొస్తుంది.

సాధన ప్రశ్న: "దివ్యాంగుల క్రీడా విజయాలను వ్యక్తిగత సంకల్పంతో మాత్రమే వివరించడం ప్రభుత్వ బాధ్యతను మరుగుపరుస్తుంది." 2016 చట్టం నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు)